మేకలు తిన్న ముగ్గు, నూకరత్నం అక్క కేక

నిన్న పొద్దున పాల లెక్క చూసుకుంటూ కూర్చున్నాను. ఫోన్ మోగింది. నూకరత్నం అక్క కూతురు.

"పిన్నీ, అమ్మ లేదు."

ఎక్కడికెళ్ళింది అని అడిగాను.

నిజంగా అలాగే అడిగాను. నిద్రలోనే పోయిందట. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

చేతిలో ఉన్న పెన్ను ఎక్కడ పెట్టానో ఇప్పటికీ దొరకలేదు.

అక్కను తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో మాది కింది ఇల్లు, వాళ్ళది పైది. పుట్టిల్లు సముద్రం ఒడ్డున, జాలర్ల ఇల్లు. ఒడ్డున నిలబడి పడవలో ఉన్న నాన్నని పిలిచి పిలిచి పెరిగిన గొంతు ఆవిడది. పైనుంచి "సెల్లీ, కరేపాకుందేటి?" అని అడిగితే పక్క బ్లాక్ వాళ్ళు కూడా రెమ్మ పట్టుకొచ్చేవాళ్ళు.

మా అత్తగారు చెవులు మూసుకునేవారు.

"ఓలమ్మా, నెమ్మదిగా మాటాడలేవేటే? గోడలు బీటలిస్తన్నాయి."

"గోడలు ప్లాంటోళ్ళయి కదత్తా, ఆలే కట్టించుకుంటారు" అనేది అక్క.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పోలియో పిల్లల హాస్టల్ కోసం ఏటా చలికాలంలో ఒక కొండ నడక ఉండేది. మా కాలనీ ఆడవాళ్ళు, చర్చి వాళ్ళు కలిసి చేసేవాళ్ళం. మాధవధార వైపు ఎక్కి సింహాచలం వైపు దిగాలి. నడిచేవాళ్ళ పేరు మీద తెలిసినవాళ్ళు హాస్టల్‌కి చందా ఇస్తారు.

అక్కా నేనూ వాలంటీర్లం. దిగే చోట హాజరు, అరటిపళ్ళు, గ్లూకోజ్ నీళ్ళు నావి. దారి పొడవునా బాణం గుర్తులు వెయ్యడం అక్క పని.

మొదటి ఏడాది అందరూ సున్నంతో వెయ్యమన్నారు. అక్క వినలేదు.

"ముగ్గంటే బియ్యప్పిండే. సీమకో పిట్టకో ఇంత నోట్లోకెల్లాల. సున్నం ఎవులు తింతారు?"

తెల్లవారుజామునే వెళ్ళి రాళ్ళ మీద ఎంత ముచ్చటగా వేసిందో ఆ బాణాలు. కొన్నిటి పక్కన చిన్న పద్మం కూడా.

చీమల కంటే ముందు మేకలొచ్చాయి.

ముందు నడిచినవాళ్ళు సరిగ్గానే దిగారు. వెనకవాళ్ళకి మాత్రం, పైన దారి రెండుగా చీలే చోట బాణమే లేదు. మేకలు శుభ్రంగా నాకేశాయి. కొందరు ముళ్ళలో పడి, తిరిగి తిరిగి ఎలాగో వచ్చారు. ఎండెక్కింది. నా కాగితంలో ఒక్క పేరుకే టిక్ పడలేదు.

మా అత్తగారు.

షుగర్ మనిషి. సింహాచలం కొండకి చెప్పులేటి అని ఉత్త కాళ్ళతో బయల్దేరారు. మాత్ర వేసుకున్నారు గానీ టిఫిన్ సరిగ్గా తినలేదు. చేతిలో నీళ్ళు లేవు. అప్పట్లో మా ఎవరి దగ్గరా సెల్‌ఫోన్ లేదు. పెద్దావిడకి ఏమన్నా అయితే మా వారికి ఏం చెప్పను?

అక్క కుచ్చిళ్ళు దోపి మళ్ళీ కొండెక్కింది. వెనకే గ్లూకోజ్ నీళ్ళ సీసాతో నేను. దారి చీలే చోట ఒక బండ మీద నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఓ... అత్తోయ్!"

పిలుస్తూనే ఉంది. గొంతు జీరబోయింది. జవాబు లేదు. పద అక్కా, వేరే వైపు వెతుకుదాం అని చెయ్యి పట్టి లాగాను.

"నువ్వూరుకో సెల్లీ. నాను కదిలిపోతే ఆవిడ దేన్ని పట్టుకుని వత్తాది? ఒడ్డు కదిలిపోతే పడవెక్కడికొత్తాది?"

మళ్ళీ పిలిచింది.

చివరికి జీడిమామిడి చెట్ల మధ్య నుంచి ముందు మేకలు వచ్చాయి. వాటి వెనక చేతిలో కర్రతో, చెమటతో తడిసిపోయి, మా అత్తగారు.

"ఎంతసేపే ఆ కేకలు? నాకు ఇనపడతానే ఉన్నాయి. నా గొంతు నీకు ఇనపడొద్దేటి?"

రాయి మీద కూలబడ్డారు.

"ఈ మేకలు నీ ముగ్గంతా నాకెత్తన్నాయే. తోలదామని ఎల్లి దారి తప్పీసినాను. నీ గొంతు పట్టుకునే వచ్చినాను."

గ్లూకోజ్ నీళ్ళు గడగడా తాగారు. అక్క పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు మాత్రం చప్పుడు లేకుండా.

ఆ తర్వాత మా అత్తగారు ఎప్పుడూ చెవులు మూసుకోలేదు. పైనుంచి కేక వినపడకపోతే, "అదేటి, ఇయ్యాల నోరిప్పలేదు? ఒంట్లో బాగోలేదేటో సూసిరా" అని నన్ను తరిమేవారు.

మరుసటి ఏడాది చెట్లకి ఎర్ర రిబ్బన్లు కట్టాం. అయినా అక్క పిండి డబ్బా తెచ్చింది.

"మళ్ళీ మేకలు తింటాయక్కా."

"తిన్నీ. నానున్నాను కదేటి."

ఆ నడక సాగినన్నేళ్ళూ అక్క ఆ బండ మీదే నిలబడింది. ఆఖరి మనిషి దాటాకే దిగేది.

మా అత్తగారు పోయి చాలా కాలమైంది. నడకా ఆగిపోయింది. మేం సబ్బవరంలో ఇల్లు కట్టుకున్నాం, వాళ్ళు గాజువాకలో. అక్క ఫోన్ చేస్తే నాకు స్పీకర్ పెట్టుకునే పని ఉండేది కాదు.

నిన్న వెళ్ళాను.

గుమ్మం ముందు ముగ్గు లేదు. ఉండదు, చావింట్లో వెయ్యరు, తెలుసు. అయినా ఎటు నడవాలో తెలియనట్టు అక్కడే నిలబడిపోయాను. అంతమంది ఉన్నా ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దమో.

ఇవాళ పొద్దున మా గేటు ముందు బియ్యప్పిండితో చిన్న పద్మం వేశాను. చీమలొచ్చాయి.

తిన్నీ.

వెళ్ళిరా అక్కా. అక్కడ మా అత్తగారు మళ్ళీ ఏ మేకల వెనకో పోయి ఉంటారు. ఒక్క కేక వెయ్యి, వచ్చేస్తారు.

తర్వాత ఇద్దరూ నీడపట్టున చల్లగా కూర్చోండి.