రెండు గీతలు, ఒక హెడ్మాస్టరు

నా భార్య కోరుట్లలో ఒక సర్కారు బడిలో డ్రాయింగు టీచరు. ఆమె పోయాక బడిలో సంతాప సభ పెట్టారు. బొమ్మలతో అన్ని సబ్జెక్టులూ చెప్పిన మహానుభావురాలని హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు. నేను ముందు వరుసలోనే కూర్చున్నాను. ఆ పాఠాలు ఆపించింది ఆయనే.

తెలంగాణ సమ్మెలో బడులు చాలా రోజులు మూతపడ్డాయి. అప్పుడు ఆయన టెంటు కింద మైకు పట్టుకుని, మనల్ని ఇన్నేళ్లు మోసం చేశారని, ఇక దేన్నీ గుడ్డిగా నమ్మొద్దని రోజూ చెప్పేవాడు. బడి తెరవగానే, సిలబస్ వెనకబడింది కాబట్టి డ్రాయింగు పీరియడ్లు తీసేస్తానన్నాడు. ఆమెకు వారానికి ఉన్నవే రెండు. వాటిని కాపాడుకోవడానికి, కంటిని మోసం చేసే బొమ్మలతో మిగతా పాఠాలూ చెప్పొచ్చని చూపిస్తానంది.

సిరిసిల్లలో తమ్ముడి మరమగ్గం, సాంచె మీద నేసిన పలుచటి బట్ట రెండు ముక్కలు తెచ్చింది. ఒకదాని మీద ఒకటి వేసి జరిపితే, లేని అలలు కదిలేవి. అది సైన్సుకు. కొందరికి కుండగా, కొందరికి రెండు ముఖాలుగా కనిపించే బొమ్మ సోషల్‌కు, ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా ఎందుకు చెప్తారో తెలియడానికి. లెక్కలకు బోర్డు మీద రెండు గీతలు. పైదాని కొసలకు బయటికి విచ్చుకున్న రెక్కలు, కిందిదానికి లోపలికి మడిచిన రెక్కలు.

ఆ పాఠం రోజు నేను జగిత్యాలలో పని ముగించుకుని, ఆమెను తీసుకెళ్లడానికి వచ్చి వరండాలో ఉన్నాను. హెడ్మాస్టరు క్లాసులోకి వచ్చాడు.

"ఏది పెద్దది సార్?" అని ఆమె అడిగింది.

"పైనిదే. గుడ్డోడు సుత చెప్తడు. గిదేం పాఠం మేడం?"

ఒక అమ్మాయి లేచి స్కేలు పెట్టింది. "రెండు ఒక్కటే ఉన్నయి సార్."

పిల్లలు నవ్వారు. ఆయన కూడా నవ్వి ఉంటే పాఠం అక్కడితో పూర్తయ్యేది.

"గా స్కేలు అరిగింది. ఇంకోటి తే."

ఇంకోటీ అదే చెప్పింది. లెక్కల సారును పిలిపించాడు. గణితంలో పీజీ చేసిన మనిషి. ముందు హెడ్మాస్టరు ముఖం చూశాడు, తర్వాత బోర్డు చూశాడు. అమ్మాయి ఇవ్వబోయిన స్కేలు తీసుకోలేదు.

"పైనిదే సార్. జరంత పెద్దగనే ఉన్నది."

"సూసిండ్రా మేడం? రేపటి సంది గీ రెండు పీరియడ్లు లెక్కల సారుకే."

ఇంటికి వెళ్తూ ఇద్దరినీ నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె మాత్రం, స్కేలు పెట్టిన అమ్మాయి సంచీ సర్దుకుంటూ అడిగిన మాట చెప్పింది: "టీచర్, పరీక్షల అడిగితే ఏమని రాయాలె?"

"నువ్వేమన్నవ్?" అన్నాను.

"రెండు ఒక్కటే అని రాయమన్న. మార్కులు మాత్రం లెక్కల సారే ఏస్తడని సుత చెప్పిన."