దళమను మాట

వాక్కుకు అధిదేవత అయిన తల్లికి తలవంచి, ఆమె ప్రసాదించిన మాటలను పొగరుతో వాడినవారిని మన్నించమని వేడుకొని మొదలుపెడుతున్నాను. పార్థివ నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ పంచమి నాటి ఉదయం, బూర్గంపాడులోని మా ఇంటికి ఒక పుస్తకం వచ్చింది.

మోసుకొచ్చినవాడు మా మేనల్లుడు. ముప్పై నాలుగేళ్ళవాడు, భద్రాచలంలో బ్యాంకు గుమాస్తా, ఇద్దరు బిడ్డల తండ్రి. పుస్తకానికి నిఘంటువంత లావు, పీటచెక్కవంటి అట్ట. ఆ అట్టమీద నల్లకోటు తొడుక్కున్న తెల్లవాడొకడు లోకాన్నంతటినీ అనుమానంగా చూస్తున్నాడు.

“ఏందిరా ఇది?”

“ఆట, మామయ్యా. ఆట నియమాల పుస్తకం. అమెరికాల కొత్తగ అచ్చయింది. మా దోస్తు తెప్పిచ్చిండు.”

“ఇంత లావు నియమాలు చదివేదెప్పుడు, ఆడేదెప్పుడు?”

“చదువుడే సగం ఆట, మామయ్యా,” అన్నాడు. అంతకుముందు ఏ పుస్తకం గురించీ వాడు నా ఎదుట అంత వెలిగే ముఖంతో మాట్లాడి ఎరుగడు.

ఆ ఆటకు పలక లేదు, కాయలు లేవు. నలుగురు పెద్దమనుషులు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవారు తాము గూఢచారులమనుకొని “నేను కిటికీలోంచి దూకాను” అని కుర్చీలో కూర్చునే ప్రకటిస్తారు. దూకాడో, కాలు విరిగిందో ఇరవై ముఖాల పాచిక ఒకటి తేలుస్తుంది. మన పెద్దలు చదివిన రాజనీతిలో చారుడంటే గొల్లవాడుగానో, వైద్యుడుగానో, బైరాగిగానో ఏళ్ళతరబడి ఊరిలో కలిసిపోయి, రాజుకు కన్నుగా బ్రతికినవాడు. ఈ పుస్తకంలోని చారుడికి అంత తీరిక లేదు. అతనికి కార్లు కావాలి, తుపాకులు కావాలి, గడియారంలో కెమెరా కావాలి. పిస్తోళ్ళకు పదకొండు పుటలు కేటాయించిన ఆ గ్రంథకర్తలు మౌనానికి ఒక్క పేరా అయినా ఇవ్వలేదు. రెండు రోజులు చదివి, అందులో మంచి వాక్యమన్నది ఒక్కటీ దొరకక మూసివేశాను.

మా మేనల్లుడికి మరో ఇద్దరు తోడు దొరికారు. ఒకరు మా వీధి చివర మందుల దుకాణం నడిపే ఆసామి. వారిది పెనుబల్లి వైపు, అంతకుముందు కృష్ణాజిల్లా. రెండవవాడు ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకున్న శిష్యుడు. కోయ కుటుంబంలో పుట్టి, వాళ్ళ ఊరిలో మొదటి ఉద్యోగస్థుడై, నది అవతల అడవిలోని ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. రెండేళ్ళ ప్రొబేషన్‌లో ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉన్నాయి. అది ముగిసి ఉద్యోగం ఖాయమైతే తమ్ముడిని కాలేజీలో చేర్పిస్తానని నాతో అన్నాడు. అతడు ఆదివారాలు బస్సు దిగి, మందుల దుకాణం మేడమీద ఈ వెర్రిలో కూర్చునేవాడు. పగటిపూట, నలుగురు తిరిగే వీధిలో, ముగ్గురు ఇల్లాళ్ళ భర్తలు “నన్ను ఎవరో వెంబడిస్తున్నారు” అని పెద్దగా చెప్పుకోవడం నేను కింద నిలబడి విన్నాను.

ఒకనాడు ముగ్గురూ నా దగ్గరకు వచ్చారు. ఇంగ్లీషు మాటలు ఆటకు అడ్డం వస్తున్నాయట.

“తెలుగుమాటలు మీరు పెట్టాలండి పంతులుగారూ,” అన్నాడు దుకాణదారు. “మీ నోట వస్తే ఆ దర్జాయే వేరండి.”

ఆట ఎంత హీనమైనదైనా మాట హీనంగా ఉండనివ్వరాదని అంగీకరించాను. కాగితం తీసి, నా దస్తూరీలోనే వ్రాశాను. చారుడు, వార్తాహరుడు, మారుపేరు, స్థావరము. గూఢచారుల బృందానికేమనాలని అడిగారు.

“జట్టు అంటే సరిపాయె గద, మామయ్యా.”

“జట్టు కబడ్డీకి. దళము అని వ్రాస్తున్నాను. వాళ్ళ పెద్ద దళనాయకుడు.”

శిష్యుడు కాగితం మీద ఆ మాటకు వేలు పెట్టాడు. “సార్, గా మాట వద్దేమో. మా దిక్కు దళం అంటే వేరే ఉంటది.”

అతడు చెప్పినది నేను ఎరుగనిది కాదు. ఆ సంవత్సరాలలో మా అడవి అంచున ‘దళం వచ్చింది’ అనే మాటను జనం గొంతు తగ్గించి అనేవారు. తుపాకులు పట్టి అడవిలో తిరిగేవారిని ఉద్దేశించిన మాట అది. కానీ నా చెవికి అది మాట కాదు, మాట మీద పడిన మురికి. “మారేడు ఆకును దళమంటాం. సేనను దళమంటాం. వాడుకలో చెడిందని మంచి మాటను వదులుకుంటామా? నేను నీకు నేర్పినది ఇదేనా?” అని గద్దించాను.

“లేదు సార్,” అన్నాడు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

కార్తీక బహుళ విదియ నాడు, భద్రాచలం దాటి అడవిలోకి వెళ్ళే బస్సును పోలీసులు ఆపి సంచులు తనిఖీ చేశారు. శిష్యుడి సంచిలో పిల్లల జవాబుపత్రాల నడుమ నా కాగితం దొరికింది. దాని కింద ఆటలో తన పాత్రకు అతడు పూర్తి చేసుకున్న పట్టిక: మారుపేరు ఒకటి, ఆయుధము పిస్తోలు ఒకటి, దళము కలియు స్థావరము బూర్గంపాడు మందుల దుకాణం మేడ, ఆదివారం పది గంటలు. ఇంతకంటె స్పష్టమైన తెలుగు ఆ తనిఖీ చేసినవారు ఏనాడూ చదివి ఉండరు.

కబురు అందగానే మేనల్లుడూ నేనూ వంతెన దాటి భద్రాచలం పోలీసు స్టేషన్‌కు వెళ్ళాం. శిష్యుడు గోడవైపు బెంచీమీద చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడబోతే కానిస్టేబుల్ భుజం పట్టి కూర్చోబెట్టాడు. కేసు వ్రాస్తే ప్రొబేషన్ అక్కడితో ముగిసినట్టే. అది ఆ గదిలో అందరికీ తెలుసు.

ఎస్సై చిన్నవాడు. కాగితాన్ని నా ముందుకు తోశాడు. “ఎవరు రాసిండ్రు ఇది?”

“నేను.”

“మీరెవరు?”

“ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పినవాడిని.”

“మరి దళనాయకుడెవరు, పెద్దసారూ?”

“మా మేనల్లుడు. బ్యాంకులో పనిచేస్తాడు,” అన్నాను. దళమంటే ఆకు అనే అర్థం ఉందని నేను చెప్పబోయాను.

“మాకు ఆకు గాదు సార్. ఆకు ఎన్నడన్న బస్సు కాలబెట్టిందా?”

ఇక వేరే దారి లేదు. ఏ పుస్తకాన్ని నెలరోజులు తిట్టానో దాని పక్షాన నేనే వాదించవలసి వచ్చింది. మేనల్లుడు సంచిలోంచి దానిని, పాచికను తీసి బల్లమీద పెట్టాడు. ఇది ఆట అని, ఊహాశక్తికి వ్యాయామమని, ఒకరి మాట ఒకరు వినడం ఇందులో నేర్చుకుంటారని చెప్పాను. నోటిలో వేపాకు పెట్టుకుని తియ్యగా ఉందన్నట్టు చెప్పాను.

“నలభై ఏండ్లకొచ్చినోళ్ళు ఆడుకుంటుండ్రా?”

“అవ్ సార్,” అన్నాడు మేనల్లుడు.

“అయితే ఆడి చూపియ్యండి.”

ఆడారు. బెంచీమీది ఉపాధ్యాయుడిని బల్ల దగ్గరకు పిలిపించారు. మేనల్లుడు కథ ఎత్తుకున్నాడు. ఏదో పరదేశపు హోటలు, మెట్లమీద కాపలాదారు. శిష్యుడు “నేను వెయిటర్ వేషంల పోత” అన్నాడు. పాచిక దొర్లింది. నాలుగు పడింది.

“దొరికిండు,” అన్నాడు కానిస్టేబుల్. “నాలుగుకు ఎట్ల పోతడు?”

“ఉండవయ్యా,” అన్నాడు ఎస్సై. పాచికను తన అరచేతిలోకి తీసుకుని ముఖాలు లెక్కబెట్టాడు. “నేనేస్త. ఎంత పడాలె?”

పదిహేడు పడింది, చారుడు మెట్లు దాటాడు. ఎస్సై నవ్వాడు. ఎదుట ఒక మనిషి బ్రతుకు వ్రేలాడుతుండగా రాజ్యాధికారం కూడా ఆ బొమ్మ పాచికకు లొంగిందని నాకు ఒళ్ళు మండింది. ఆ మంటను దాచుకుని నేనూ నవ్వాను. పుస్తకం మీద అసహ్యం అప్పుడు నాకు మునుపటికంటె ఎక్కువే ఉంది. కాకపోతే కాగితం మీద ఉన్న దస్తూరీ నాది.

కేసు వ్రాయలేదు. నా చేత, మేనల్లుడి చేత సంతకాలు చేయించుకుని సాయంత్రానికి అతడిని పంపారు. కాగితం మాత్రం వారి దగ్గరే ఉంచుకుని, పై అధికారికి చెప్పక తప్పదన్నారు. బస్టాండు దాకా ముగ్గురం నడిచాం.

“నువ్వు వద్దన్నావు,” అన్నాను.

“మీరు సార్ గద,” అన్నాడు శిష్యుడు. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

మార్గశిర శుద్ధ ఏకాదశి నాడు అతని ప్రొబేషన్‌ను ఒక సంవత్సరం పొడిగించినట్టు ఉత్తర్వు వచ్చింది. కారణం వ్రాయలేదు. ఆ ఏడు అతని తమ్ముడు కాలేజీలో చేరలేదు.