జమ్మిని కాల్చిన పద్మక్క

నిన్న పొద్దున దుబాయ్‌లో జెబెల్ అలీ వెళ్లే కంపెనీ బస్సులో ఉన్నాను. మనవాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో దండం బొమ్మలు వరసగా పడుతున్నాయి. ఎవరి నాన్నకో ఏదో అయ్యిందనుకుని పైకి జరుపుతూ పోయాను.

పైన పద్మక్క ఫోటో ఉంది.

దిగాల్సిన చోట దిగలేదు. డ్రైవర్ వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా బస్సు ఖాళీ అయిందని కూడా తెలియలేదు.

గుండెపోటట. అంతే చెప్పారు అక్క భర్త సూర్యం బావగారు.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. పద్మక్క మొక్కల డాక్టర్. కడియం నర్సరీల మధ్య పుట్టింది. కల్బా దగ్గర, అడవిలో నాటే మొక్కలు పెంచే ఒక నర్సరీలో పనిచేసేది. బయటి దేశాల నుంచి మట్టితో, కుండీలతో దిగే తెగుళ్లను పట్టుకోవడం ఆమె డ్యూటీ.

నేను గోదాంలో స్టోర్ పని చేసేవాణ్ణి. సెలవు దొరికితే పర్యావరణం కరపత్రాలు చదివి, కనపడ్డవాళ్లతో గొడవ పెట్టుకునేవాణ్ణి.

మొదటిసారి ఆమె ల్యాబ్‌కి వెళ్లినప్పుడు బల్ల మీద పచ్చ ఆపిల్స్ ఉన్నాయి. ఆకలి మీద ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

"అది నీక్కాదు నాన్నా. తెగులుకి ఎర" అంది.

అనుమానం ఉన్న మట్టిని తడిపి అందులో ఆపిల్ గుచ్చి ఉంచేదట. మట్టిలో తెగులు ఉంటే కాయ మీద మచ్చ తేలుతుంది. నాకు మాత్రం తన టిఫిన్ డబ్బా తెరిచి పులిహోర పెట్టింది. నేను తెచ్చిన కరపత్రం మొత్తం చదివి, "నాటమని రాశారు బానే ఉంది. ఏం నాటాలో రాయలేదేంట్రా అబ్బాయ్" అని నవ్వింది.

ఇక ఆ రోజు సంగతి.

ఇక్కడ ఘాఫ్ అంటారే, అది మన జమ్మి చెట్టే. ఆ మాట అక్కే చెప్పింది. క్యాంపుల్లో మనవాళ్లకు తెలిసేసరికి పండగైపోయింది. దసరా తర్వాతి ఆదివారం కొండల్లో, ముసలి ఘాఫ్‌లు ఉన్న వాగు పక్కన జమ్మి మొక్కలు నాటాలని అనుకున్నాం. బ్యానర్ కూడా నేనే రాశాను.

ఆ మొక్కలు ఆమె పెంచినవే. ఆ వాగులోని ముసలి చెట్ల కిందే కాయలు ఏరి, గింజ తీసి, నానబెట్టి మొలిపించింది. వాటిని మొక్కలు అనేది కాదు. పిల్లలు అనేది.

లారీ నిండింది. ఆ మొక్కల మట్టిలో వారం కిందట గుచ్చిన ఆపిల్ చూసొస్తానని అక్క లోపలికి వెళ్లింది. కాయ మీద మచ్చ తేలిందంటూ వచ్చి, లారీ మీంచి ఒక మొక్క దించి, కుండీ తీసేసి, వేళ్లు కడిగింది. నల్లగా ఉన్నాయి. ఇంకొకటి. అదీ అంతే. పక్క షెడ్డులోకి విదేశం నుంచి వచ్చిన పూలకుండీల మట్టి నుంచి వేరుకుళ్లు పాకింది.

ముదీర్, అంటే నర్సరీ మేనేజర్, మంచివాడే. కానీ మనుషులందరూ వచ్చేశారు. "మేడం, సబ్ హరా హై. యల్లా, జానే దో" అన్నాడు, అన్నీ పచ్చగానే ఉన్నాయి కదా, పోనిమ్మని.

"హరా హై, ఇసీలియే డర్ హై" అంది అక్క. పచ్చగా ఉన్నాయి కాబట్టే భయమట.

నర్సరీలో రోజూ నీళ్లు పోస్తారు కాబట్టి పచ్చగా కనిపిస్తాయి. వాగు పక్కన నాటాక అవి చస్తాయి. వాన పడి వాగు పారిన రోజు ఆ మట్టి ముసలి చెట్ల వేళ్లకు చేరుతుంది. ఒక్క మొక్క కూడా గేటు దాటదని సంతకం పెట్టింది.

నాకు ఒళ్లు మండింది. ఆ మట్టి తెప్పించినవాళ్ల పేర్లు, ఫోటోలు అన్నీ అప్పుడే పోస్ట్ చేస్తానని గేటు వైపు నడిచాను.

"నీ కోపం ఎక్కడికీ పోదు గానీ, బూట్లకున్న మట్టి నీతోపాటు వెళ్లిపోద్ది. ముందవి కడుగు" అంది.

బ్రష్ చేతికిచ్చి, నేను అడుగు భాగం గీకుతుంటే పక్కనే నిలబడింది.

గుంత తీయించింది. పిల్లలందర్నీ అందులో వేయించింది. మనవాళ్లు దూరంగా నిలబడి చూస్తున్నారు. జమ్మిని కాల్చడమా? మా జగిత్యాల మల్లన్న ఒక్కడే ఉండబట్టలేక, "జమ్మిని కాలవెడ్తే పాపం గాదా అక్కా?" అన్నాడు.

ఆమె గ్లోవ్స్ తీసింది. దణ్ణం పెట్టుకుంది. మళ్లీ గ్లోవ్స్ వేసుకుంది.

"పాపమైతే నాకు రానీ అన్నయ్యా. ఆ ముసలోళ్లకి రాకూడదు" అని నిప్పు పెట్టింది.

తర్వాత బోర్లించిన ట్రే మీద కూర్చుని టీ అడిగింది. కప్పు పట్టుకుని చాలాసేపు తాగలేదు. మల్లన్న వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

మరుసటి ఎండాకాలం ఆ షెడ్డు మట్టినంతా తడిపి, ప్లాస్టిక్ పట్టా కప్పి, ఎండలోనే ఉడికించింది. మనల్ని చంపే ఎండతో ఆమె పని చేయించుకుంది.

అయినా గ్రూప్‌లో కొందరు ఆమెను "జమ్మిని కాల్చినామె" అన్నారు. నేను వాళ్లతో కొట్లాడాను. అక్క మాత్రం ఎప్పుడూ జవాబివ్వలేదు. ఇవాళ నేను కూడా అదే పేరు పైన పెట్టాను. ఇది తిట్టు కాదని ఇప్పుడైనా అర్థం చేసుకోండి.

ఆ వాగులో చెట్లు అలాగే ఉన్నాయి. ఏమీ జరగలేదు. ఆమె చేసిన పనికి గుర్తుగా చూపించడానికి ఏమీ లేకపోవడమే ఆమె చేసిన పని.

అక్కను రేపు ఊరికి పంపిస్తున్నారు. కాగితాల పని బావగారితో పాటు మల్లన్న చూసుకుంటున్నాడు.

పొద్దున్నుంచి అందరూ పద్మక్క పేరు మీద మొక్క నాటుతామని మెసేజ్‌లు పెడుతున్నారు.

నాటండి.

కుండీ తీసి, వేళ్లు కడిగి, చూసి నాటండి. నల్లగా ఉంటే ఎంత ముద్దొచ్చినా నాటకండి. ఆమె పేరు మీద అసలే వద్దు.

వెళ్లిరా అక్కా. నీ ముసలోళ్లను మేం చూసుకుంటాం. నీ మనసుకు ఆ చెట్ల కింద ఉండేంత చల్లదనం దొరకాలి.