వెర్నా కొన్న యాంటెన్నా

వేసవి వచ్చిందంటే వెర్నాకి ఒళ్లు హూనమైపోతుంది. వాళ్ల ఊరు పైన్ క్రాసింగ్‌లో వేసవి అంటే అడవి అంటుకునే కాలం. ఆమె వంటింటి కిటికీలో స్కానర్ అనే చిన్న రేడియో పగలూ రాత్రీ గరగరమంటూనే ఉంటుంది. ఫైరింజన్ల వాళ్లు తమలో తాము మాట్లాడుకునే మాటలన్నీ అందులో వినిపిస్తాయి. ఏ గట్టు మీద పొగ లేచింది, గాలి ఎటు మళ్లింది అన్నది సైరన్ మోగేలోపే వెర్నాకి తెలిసిపోతుంది. తెలియగానే ఫోన్లు చేసి ఊరందరినీ లేపుతుంది. ఒక ఏడాది ఆమె లేపబట్టే చివరి వీధి వాళ్లు కట్టుబట్టలతోనైనా బయటపడ్డారు. అప్పటినుంచి ఊళ్లో జనం భయపడే పని కూడా ఆమెకే అప్పగించి నిద్రపోతున్నారు.

నిద్ర లేనిది ఆమెకీ, ఆమె భర్త డెల్‌కీ. డెల్ ఏళ్ల తరబడి అడవి మంటల పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. వానలు పడేదాకా సముద్రం పక్కన ఉండకపోతే తన పూచీ లేదని డాక్టర్ చెప్పేశాడు. వెర్నా సరేనంది. అన్న వారమే ప్రయాణంలో పట్టుకెళ్లడానికి యాంటెన్నా వెతకడం మొదలుపెట్టింది. ఇంటికప్పు మీద స్కానర్‌కి బిగించిన యాంటెన్నా స్తంభాన్ని పీక్కుని పోలేదు కదా!

శనివారాల్లో చర్చి వెనక రేడియో పిచ్చివాళ్లందరూ చేరి పాత సామాన్లు అమ్ముకుంటారు. ట్రక్కు వెనక తలుపు దించుకుని, దాని మీదే దుకాణం పెట్టే అర్లో వాళ్లిద్దరికీ పాత స్నేహితుడు. వేలెడు రబ్బరు యాంటెన్నా జేబులో పడుతుంది గానీ పొలిమేర దాటితే దానికి వినపడదన్నాడు. లాగితే పొడుగయ్యే కడ్డీ కాస్త నయమట, కాకపోతే కారు తలుపు సందులో పడి విరిగేదాకానే. చుట్ట చుట్టి సంచిలో వేసుకునే తీగ యాంటెన్నా ఒకటుంది, చెట్టుకొమ్మకి వేలాడదీస్తే దూరం నుంచి కూడా మాటలు లాగుతుంది.

"కొండ అడ్డొచ్చిందా, ఏదీ పనిచెయ్యదు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టకు," అన్నాడు అర్లో.

పక్కనే మడత కుర్చీలో కూలబడిన డెల్ మొహం పైకెత్తాడు. "ఒరే అర్లో, వీటిల్లో ఏది బొత్తిగా వినపడదో అది ఇచ్చెయ్ దీనికి," అన్నాడు.

అర్లో నవ్వాడు. డెల్ నవ్వలేదు. వెర్నా తీగ కొంది.

సముద్రం ఒడ్డున చవగ్గా ట్రెయిలర్ అనే చక్రాల ఇల్లు నిలుపుకునే చోటు దొరికింది. వెర్నా మొదటి రోజే తీగని చెట్టుకి కట్టింది. చేపల పడవల వాళ్లు పీతల ధర గురించి ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడం తప్ప స్కానర్‌లో ఏమీ వినిపించలేదు. అర్లో చెప్పినట్టే వెనక కొండ అడ్డం. ఇక రోజూ సాయంత్రం కొండ మీదికి కారు ప్రయాణం. డెల్‌ని ఒంటరిగా వదిలి వెళ్లడం వెర్నాకి ఇష్టం లేదు కాబట్టి అతనూ రావలసిందే. అతను కారులో కూర్చునేవాడు. ఆమె కాస్త దూరంలో ఉన్న ఒంటి చెట్టుకి తీగ తగిలించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తూర్పుకి తిరిగి నిలబడేది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందని ఊరికే అనలేదు పెద్దలు.

నాలుగైదు రోజులు ఉత్త గరగర. ఆ తర్వాత ఒక సాయంత్రం, గాజులా తేటగా ఊరి మాట వినిపించింది. పైన్ క్రాసింగ్ దిగువన పొగ, రెండు ఫైరింజన్లు బయల్దేరాయి. వెర్నా కళ్లు మూసుకుని, అరచేతులతో చెవులు అదిమిపట్టుకుని వింది. బళ్లు చేరాయి. చెత్తకుప్ప అంటుకుందట. ఆర్పేశారు.

అప్పుడే ఎవరో భుజం పట్టి కుదిపితే ఇయర్‌ఫోన్లు తీసి వెనక్కి తిరిగింది. కుక్కని తిప్పడానికి వచ్చిన ఒకామె.

"ఆ కారులో ఉన్నది మీవారేనా? ఇప్పుడు పరవాలేదు. మా ఆయన దగ్గరున్నాడు," అంది.

వెర్నా పరుగెత్తింది. డెల్ కారు తలుపు పట్టుకుని కింద కూర్చుని ఉన్నాడు. పెదాల మీద ఇంకా నీలం పోలేదు. వెనక సీటు కింద పడిన ఇన్‌హేలర్‌ని వాళ్లే వెతికి ఇచ్చారట. వాళ్లు వెళ్లాక వెర్నా అతని పక్కన చతికిలబడింది.

"ఊళ్లో ఏమంటున్నారు?" అన్నాడు డెల్, ఊపిరి అందాక.

"చెత్తకుప్ప. ఆర్పేశారు."

"మంచిది."

అడగకపోతే బావుంటుందని ఆమెకి తెలుసు, అయినా అడిగింది. "నన్ను పిలిచావా?"

"పిలిచాను. హారన్ కూడా కొట్టాను," అన్నాడతను. కోపం లేదు ఆ గొంతులో, అలసట తప్ప. "నువ్వు వింటున్నావు కదా అని ఊరుకున్నాను."