పళ్ళెంలో గడియారం

ఆవిడ అసలు పేరు ఆసుపత్రి హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. క్యాంటీన్‌లో అందరికీ ఆవిడ గరిటమ్మ. పద్దెనిమిదేళ్ళుగా ఆ పెద్ద వంటగదికి ఆవిడే పెద్దదిక్కు. పొయ్యికి పది అడుగుల దూరంలో నిలబడి, "ఎవరమ్మా అది, మూడో గిన్నెలో ఉప్పు మరిచిపోయింది?" అని కేకేసిందంటే, రుచి చూసినవాళ్ళు నాలుక కరుచుకోవలసిందే. ఉప్పుకి వాసనేమిటని కొత్తగా చేరినవాళ్ళు నవ్వేవారు. వారం తిరిగేసరికి వాళ్ళే, ఆవిడ ముక్కుకి కళ్ళున్నాయని ఒప్పుకునేవారు.

అలాంటి మనిషిని వానాకాలంలో జ్వరం పట్టుకుంది. తాను వంట చేసే ఆసుపత్రిలోనే తొమ్మిది రోజులు మంచం పట్టింది. రెండో అంతస్తు వార్డులో నర్సులు ఆవిడని సొంత మనిషిలా చూసుకున్నారు. ఒకరు తల దువ్వారు. ఒకరు ఇంటినుంచి మెత్తటి దుప్పటి తెచ్చి కప్పారు. హెడ్ సిస్టర్ అయితే డ్యూటీ దిగాక కూడా పక్కన కూర్చుని చెంచాతో జావ తాగించింది. ఇంటికి పంపించే రోజున గరిటమ్మ అందరినీ నిలబెట్టి, "ఈ ఏడాది చివరి రోజున మీరంతా మా ఇంటికి రావాలి. ఇన్నాళ్ళూ క్యాంటీన్ ప్లేట్లలో తిన్నారు. ఒక్కసారి మా ఇంట్లో, నా చేత్తో పెడతాను" అంది. వాళ్ళూ సంతోషంగా సరేనన్నారు.

ఇంటికి చేరిన మూడో రోజున వంటగదిలో కూర్చుని బీన్స్ తరుగుతోంది. భర్త నీళ్ళ పంపుహౌస్‌లో ఆపరేటరు. అప్పుడే డ్యూటీనుంచి వచ్చినవాడు గుమ్మంలోనే ముక్కు మూసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"పాలు మాడి బొగ్గయిపోతుంటే పక్కనే కూర్చుని ఏం చేస్తున్నావు?"

గరిటమ్మ తలెత్తి చూసింది. గిన్నెలోంచి నల్లటి పొగ లేస్తోంది. కంటికి కనిపిస్తోంది గానీ ముక్కుకి ఏమీ లేదు. భర్త కిటికీలు తెరిచే లోపల ఉల్లిపాయ చితక్కొట్టి చూసింది. లవంగం నలిపి చూసింది. చివరికి ఆయన గుమ్మం దగ్గర విప్పిపడేసిన మేజోళ్ళు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. వాటి ధాటికి ఇంట్లో బొద్దింకలు కూడా పారిపోయేవి. ఆ వాసన కూడా తెలియలేదంటే సంగతి ఎక్కడిదాకా వచ్చిందో ఆవిడకి అర్థమైంది.

ఎవరికీ చెప్పలేదు. ఏమని చెబుతుంది? పాటగాడికి గొంతు పోతే లోకం అయ్యో అంటుంది. వంటమనిషికి ముక్కు పోతే నవ్వుతుంది. క్యాంటీన్‌కి వెళ్ళాక చెంచాలు లెక్కపెట్టి ఉప్పూ కారం వేయడం మొదలుపెట్టింది. గడియారం చూసి పొయ్యి కట్టేసేది. నాలుక మీద ఉప్పూ పులుపూ మాత్రం ఎవరో దూరంనుంచి పిలిచినట్టు తెలిసేవి. మిగతాదంతా తడిపిన అట్ట నమిలినట్టే. ఇంట్లో కూర ఒకరోజు చప్పగా, ఒకరోజు ఉప్పుకషాయంగా ఉండేది. భర్త మంచినీళ్ళు తాగుతూ గుట్టుచప్పుడు కాకుండా తినేసేవాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న విద్య అది.

చూస్తూ చూస్తూ డిసెంబరు చివరికొచ్చింది. మాటిచ్చింది పదకొండుమందికి. వంటకాలు ధైర్యంగా చేసే పరిస్థితి లేదు. రెండు రోజులు మథనపడి ఒక ఉపాయం పట్టుకుంది. వండింది కాకుండా అమర్చింది పెడితే? ముక్కుతో పని లేకుండా కంటితో చేసే పని. ఒక పెద్ద గుండ్రటి పళ్ళెం తీసుకుని గడియారంలా తీర్చాలి. పన్నెండు అంకెల దగ్గర పన్నెండు రకాల చిరుతిండ్లు. పాత ఏడాది పోయి కొత్తది వచ్చే వేళకి అంతకంటే తగిన ముచ్చట ఏముంటుంది?

అంత పళ్ళెం ఇంట్లో లేదు. అత్తగారి నాటి రాగి పళ్ళెం ఒకటి ఉంది, అది తోడికోడలి దగ్గరుంది. చిక్కంతా అక్కడే.

తోడికోడలు మరిది భార్య, నాలుగు వీధుల అవతల ఉంటుంది. ఇంట్లోనే మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మూడేళ్ళ కిందట తన ఇంట్లో అందరినీ పిలిచి భోజనం పెట్టింది. పదిహేనుమంది వరసగా కూర్చుని తింటుంటే గరిటమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "కుట్టుపని చేసుకునేవాళ్ళు వంట జోలికి రాకూడదమ్మాయ్, కూరకి కూడా కుట్లు పడ్డాయి" అనేసింది. అందరూ పగలబడి నవ్వారు. తోడికోడలు కూడా నవ్వింది. ఆ తర్వాత మాత్రం ఈ ఇంటి గడప తొక్కడం మానేసింది. ఎదురుపడితే పొడిపొడిగా రెండు మాటలు, అంతే.

పళ్ళెం తెమ్మని గరిటమ్మ భర్తని పంపింది. ఆఖరి రోజు పొద్దున్న పది గంటలకి పళ్ళెం వచ్చింది గానీ, దాన్ని చంకన పెట్టుకుని వచ్చింది తోడికోడలు.

"బావగారి సైకిలు మీద పెడితే సొట్ట పడుతుందని నేనే తెచ్చానక్కా. బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోతా."

"వచ్చినదానివి కూర్చో. నీళ్ళు తాగు."

"కుట్టాల్సినవి ఉన్నాయి" అంటూనే తోడికోడలు బల్లవైపు చూసింది. క్యారెట్‌తో చెక్కిన అంకెలు ఒక గిన్నెలో ఉన్నాయి. చీజ్ ముక్కలు, ద్రాక్షపళ్ళు, కాల్చిన రొట్టె ముక్కలు, సగానికి కోసిన ఉడికిన గుడ్లు, చిన్న టమాటాలు ఎక్కడివక్కడ వరస తీరి ఉన్నాయి. చూస్తే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. వేయించిన వేరుశనగ గుళ్ళు నాలుగు తీసి నోట్లో వేసుకుంది. వెంటనే మొహం చిట్లించి, కిటికీ దగ్గరికి వెళ్ళి ఊసేసి వచ్చింది.

"అక్కా, ఈ గుళ్ళు ముక్కిపోయాయి. నూనె కంపు కొడుతున్నాయి. నీ ముక్కుకి తెలియలేదా?"

గరిటమ్మకి రోషం పొడుచుకొచ్చింది. "నిన్ననే వేయించాను. నీకేం తెలుసు?" అంది. తోడికోడలు ఆవిడ మొహంలోకి చూసింది. గుళ్ళ డబ్బా తీసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టింది.

"చెప్పు. ఏం వాసన?"

గరిటమ్మ గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. ఆ తర్వాత స్టూలు మీద కూలబడి కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"ఏదీ తెలియదే. జ్వరం వచ్చి లేచిన దగ్గర్నుంచీ ఏదీ తెలియదు. నాలుగు నెలలైంది. ఎవరికీ చెప్పలేదు."

"బావగారికి?"

"ఆయన ఏం పెట్టినా తింటారు. ఆయనకి తెలిసిందో లేదో నాకూ తెలియదు."

తోడికోడలికి మూడేళ్ళ మంట తీర్చుకోవడానికి అంతకంటే మంచి అదను మళ్ళీ రాదు. దెప్పే మాట నాలుక చివరిదాకా వచ్చినట్టే ఉంది కూడా.

"నా కూరలో కుట్లు లెక్కపెట్టిన ముక్కు ఇదేనా?" అంది.

అనేసి ఆమే నవ్వింది. గరిటమ్మ కూడా ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేసింది. నవ్వు ఆగాక, "ఆ రోజు నేనన్నది తప్పే అమ్మాయ్. నోరు జారాను. జారిందని అప్పుడే తెలిసింది. ఒప్పుకోవడానికి అహం అడ్డొచ్చింది" అంది.

"సర్లే. మీ వాళ్ళు ఎన్నింటికి వస్తారు?"

"నాలుగింటికి."

"అయితే లే. ముందు ఈ గుళ్ళు పారబోయి." తోడికోడలు భుజాన ఉన్న సంచి పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. యూనిఫారాల ఊసు మళ్ళీ ఎత్తలేదు.

పని మొదలయ్యాక కొత్త చిక్కు వచ్చిపడింది. గుడ్లలో కూరడానికి పచ్చసొన మెదిపి, మిరియాల పొడీ నిమ్మరసమూ కలిపింది గరిటమ్మ. తోడికోడలు రుచి చూసి, "బాగుంది" అంది. పుదీనా కలిపిన చిక్కటి పెరుగు చూపిస్తే, "బాగుంది" అంది. ఆలుగడ్డ ముక్కలకీ అదే మాట.

"అన్నీ బాగుంటే నాకేం తెలుస్తుందే? ఉప్పు ముందు తగిలిందా, మింగాక తగిలిందా? నిమ్మకాయ పులుపు దవడల్ని లాగిందా, నాలుక మీదే ఆగిపోయిందా?"

"అమ్మో, ఇన్ని చూడాలా?"

"నువ్వు జాకెట్టు కుట్టి బాగుందని ఊరుకుంటావా? చంక దగ్గర పట్టేసిందా, భుజం జారిందా అని చూడవూ?"

ఆ మాటతో తోడికోడలికి దారి దొరికింది. కళ్ళు మూసుకుని మళ్ళీ రుచి చూసింది. "నిమ్మకాయ బిగుతుగా ఉందక్కా. ఉప్పు వదులు. మిరియాలు మాత్రం సరిగ్గా సరిపోయాయి."

గరిటమ్మ చిటికెడు ఉప్పు వేసింది, పచ్చసొన ఇంకొంచెం కలిపింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు కొలత కుదిరింది."

అలా ఒకరి చేయి, ఒకరి నాలుక. పన్నెండు చోట్లా పన్నెండు రకాలు సర్దుకున్నాయి. పచ్చటి ద్రాక్ష పక్కన ఎర్రటి టమాటా, దాని పక్కన తెల్లటి గుడ్డు. రంగుల కూర్పంతా తోడికోడలిదే. ఒక రంగు పక్కన ఏ రంగు పడితే కళ్ళకి హాయో చూడడం ఆమె రోజూ చేసే పని. నడిమధ్య పుదీనా పెరుగు గిన్నె పెట్టి, దాని అంచునుంచి కీరా బద్దలతో రెండు ముళ్ళు అమర్చాలి. ఇద్దరూ అక్కడ వాదన పెట్టుకున్నారు. పన్నెండు మీద పెడదామని గరిటమ్మ.

"నర్సులకి పన్నెండుతో ఏం పనక్కా? పగటి డ్యూటీ ఎన్నింటికి దిగుతారు?"

"మూడున్నరకి."

"మరి మూడున్నరే పెట్టు. వాళ్ళకి అంతకంటే మంచి గడియ ఏముంటుంది?"

పెద్దముల్లు ఆరు మీద, చిన్నముల్లు మూడు మీద పెట్టారు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి నోరు మెదపని భర్త ముందుకొచ్చి, "మూడున్నరకి చిన్నముల్లు మూడు మీద ఉండదు" అని, వేలితో దాన్ని రెండు గింజల మేర జరిపాడు. వెళ్ళబోతూ ఆగి, "నాకు మొదటి వారంలోనే తెలిసింది. నువ్వు చెప్పినప్పుడు విందామని ఊరుకున్నాను" అన్నాడు. గరిటమ్మ ఒక గుడ్డు ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది.

నాలుగింటికి పదకొండుమందీ బిలబిలమంటూ వచ్చారు. పళ్ళెం చూడగానే ఒక్కసారిగా కేకలు. "మూడున్నర! డ్యూటీ దిగే టైము!" అని చిన్న నర్సు చప్పట్లు కొట్టింది. హెడ్ సిస్టర్ నవ్వి నవ్వి బల్ల అంచు పట్టుకుంది. "ఈ గడియారం మా వార్డు గోడకి తగిలించండమ్మా, ఎప్పుడు చూసినా ఇదే టైము ఉంటుంది" అంది. ఎవరికీ మొదటి ముక్క తీయడానికి మనసొప్పలేదు. ఒకరు తీశాక మాత్రం అరగంటలో ఆరింటినుంచి పదకొండింటిదాకా ఖాళీ అయిపోయింది.

"చేయి తిరిగిన మనిషంటే మీరే గరిటమ్మగారూ. ఈ గుడ్లలో ఏం వేశారో గానీ, ఇంటికి పట్టుకెళ్ళాలనిపిస్తోంది" అంది హెడ్ సిస్టర్.

తోడికోడలు మంచినీళ్ళ గ్లాసులు సర్దుతూ వెనక్కి తగ్గబోయింది. గరిటమ్మ ఆమె మణికట్టు పట్టుకుని అందరి మధ్యకీ లాక్కొచ్చింది.

"చేయి నాదే సిస్టర్. రుచి మాత్రం నాది కాదు. ఉప్పు చూసింది ఈమె, పులుపు తూచింది ఈమె. మా తోడికోడలు. నాకు జ్వరం తగ్గినప్పట్నుంచీ వాసన లేదు. ఈమె లేకపోతే ఇవాళ మీకు ముక్కిన వేరుశనగలు పెట్టేదాన్ని."

తోడికోడలి చెవులు ఎర్రబడ్డాయి. హెడ్ సిస్టర్ చేతిలో ప్లేటు పక్కన పెట్టింది.

"నాలుగు నెలలనుంచా? మా కింద అంతస్తులో పనిచేస్తూ మాకు చెప్పలేదా?" అని కేకలేసింది. కాసేపటికి స్వరం తగ్గించి, "చాలామందికి మెల్లగా తిరిగొస్తుంది. కొందరికి రాదు, అబద్ధం చెప్పను. సెలవయ్యాక డాక్టరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్తా. ఈలోపు నాలుగు వాసనలు పెట్టుకుని రోజూ రెండు పూటలా పీలుస్తూ ఉండండి. తెలిసినా తెలియకపోయినా పీల్చండి" అంది.

కొత్త ఏడాది రెండో రోజున గరిటమ్మ క్యాంటీన్ మేనేజరుతో ఉన్నమాట చెప్పేసింది. తీసేస్తారనుకుంది. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, రెండో వంటావిడని రుచి చూడడానికి పక్కన పెట్టాడు. ఆమెకి కూడా "బాగుంది" అనడం మానిపించడానికి గరిటమ్మకి నెలరోజులు పట్టింది. తనకి ఇన్నాళ్ళూ ఒంటబట్టి ఉన్న విద్యని ఇంకొకరికి మాటల్లో చెప్పడం ఆవిడకి అదే మొదలు. చెబుతుంటే తనకే ఎన్నో కొత్తగా తెలిశాయి.

డాక్టరు కూడా హెడ్ సిస్టర్ మాటే అన్నాడు. లవంగాలు, నిమ్మతొక్క, గులాబీ రేకులు, యూకలిప్టస్ నూనె నాలుగు సీసాల్లో పోసి కిటికీ గట్టు మీద పెట్టుకుంది గరిటమ్మ. ఆదివారాలు తోడికోడలు వచ్చి, ఆవిడ కళ్ళు మూయించి ఒక్కో సీసా ముక్కు దగ్గర పెట్టేది. మొదటి రెండు నెలలూ అన్నీ ఒకటే. పందెం కట్టి మరీ ఓడిపోయేది.

మూడో నెల ఒక ఆదివారం తోడికోడలు కాఫీ కలిపి ఇచ్చింది. గరిటమ్మ గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకుని ఆగిపోయింది. మొహం వికారంగా పెట్టింది.

"ఇదేం కాఫీ అమ్మాయ్? టైరు కాలిన కంపు కొడుతోంది!"

తోడికోడలు బెదిరిపోయి తన గ్లాసు వాసన చూసుకుంది. కమ్మటి కాఫీయే. మరుక్షణం ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. వాసన తిరిగొచ్చేటప్పుడు మొదట్లో వంకరగా, తికమకగా వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు.

"కంపేనా? నిజంగా కంపు తెలుస్తోందా?"

"తెలుస్తోందే! ఘోరంగా ఉంది!" అంటూ గరిటమ్మ మళ్ళీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. పంపుహౌస్‌నుంచి అప్పుడే వచ్చిన భర్త, ఆ ఇద్దరూ కాఫీ గ్లాసు చేతులు మార్చుకుంటూ, వాసన చూసుకుంటూ కిందా మీదా పడి నవ్వుతుంటే ఏమీ అర్థంకాక గుమ్మంలోనే నిలబడిపోయాడు.