అక్క బండ మీది ఎండ

మా ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళను నేను ముందు లోపలికి పిలవను. పక్క సందులోంచి వెనక్కి తీసుకుపోయి అక్క పెరట్లోని నాపబండ చూపిస్తాను. "బండ బాగుండాది" అంటారు మర్యాదకు. ఇల్లు చూద్దామని వస్తే బండ చూపిస్తాడేమని వాళ్ళ ముఖాల్లో కనిపిస్తూనే ఉంటుంది.

కర్నూల్లో అక్క ఇంటి వెనక దక్షిణం వైపు ఒక తోట ఉండేది. తోట అంటే పెద్దమాట. రెండు నిమ్మచెట్లు, ఒక కరివేపాకు చెట్టు, మిగతాదంతా ఎండ. ఆ జాగాలో నన్ను ఇల్లు కట్టుకోమంది. షరతు ఒక్కటే, తోటకు ఆనుకుని పెరట్లో ఉన్న తన బండ మీద నీడ పడకూడదు. బావ పోయినాక ఆమె సంసారం నిలబడింది ఆ బండ మీదే. చలికాలమంతా దాని మీద గుమ్మడి వడియాలు ఎండబెట్టి బజార్లో అంగళ్ళకు ఇస్తుంది. ఎండ తగ్గితే వడియం లోపల పచ్చిగా ఉండి బూజు పడుతుంది. ఒక్కసారి బూజు కనబడితే ఆ అంగడి మళ్ళీ ఆమెను పిలవదు. కర్నూల్లో ఎండ కావాలని పట్టుబట్టిన మనిషి మా అక్క ఒక్కతే అయ్యుండాలి.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. నీడ గురించి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. ప్లాను నేనే గీసుకున్నా. కింద మూడు గదులు, మీద రెండు, అందులో ఒకటి అచ్చంగా నా పుస్తకాలకు. కాగితం మీద నీడ గీసి చూపిస్తే అక్క నమ్మలేదు. సరేనని మే నెల సెలవుల్లో, గోడ వచ్చేచోట రెండు పొడుగాటి సర్వి కట్టెలు పాతి, ఇంటి ఎత్తుకు తాడు కట్టి, దాని మీద ఆమె పాత చీరలు వేలాడదీశాను.

మేస్త్రీ వచ్చి చూశాడు. "ఏం సార్, ఇల్లు కడతాండారా, నాటకం ఆడిస్తాండారా?"

మిట్టమధ్యాహ్నం నీడ బండ వైపు రాకపోగా, కాస్త నా వైపే పడింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. క్లాసులో కూడా ఎప్పుడూ అంత గొప్పగా నిలబడింది లేదు.

అక్క చీరల వైపు చూడను కూడా లేదు. "ఇది ఏ నెలరా?"

"మే."

"మే నెల ఎండకు నువ్వు కోట కట్టినా అడ్డం రాలేవు. నేను వడియాలు పెట్టేది పుష్యమాసంలో. అప్పుడు సూర్యుడు యాడుంటాడు?"

దక్షిణాన, బాగా కిందికి వాలి ఉంటాడు. నేను ఏటా బోర్డు మీద గీసి, పిల్లలు రాయకపోతే మార్కులు కోసే సంగతే అది.

"చెప్పప్పా, సారువి కదా నువ్వు."

మేస్త్రీ అటు తిరిగి జేబులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

పునాదికి ముగ్గు పోసే పని ఆపించాను. ఆ ఏడెనిమిది నెలలూ మేస్త్రీ ఎదురుపడితే చాలు, "సూర్యుడు వచ్చినాడా సార్?" అనేవాడు.

వచ్చాడు. పుష్యం శూన్యమాసం, శుభకార్యాలు చేయరు. చీరలు కట్టడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. మధ్యాహ్నానికే నీడ బండ ఎక్కింది, మూడింటికి మొత్తం మింగేసింది. అక్క బండ మీద ఒకసారి చెయ్యి పెట్టి తీసేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారమంతా తాడు దించడం, కట్టెలు జరపడం. ప్లానులో బండ వైపు ఇల్లు ఒక్క అంతస్తే ఉంచాను. ఆ వైపు పిట్టగోడ తీసేసి సన్నటి ఇనుప కమ్మీలు పెట్టాను. మీది గదిని తోట చివరికి, వీధి వైపుకు తోసేశాను. రెండో గదికి చోటు లేక నా పుస్తకాలు మెట్ల కిందికి పోయినాయి. అక్కడ తల వంచుకునే కూర్చోవాలి. చదువుకున్నవాడికి అది మంచిదేనని మా ఇంట్లో అన్నారు.

"పిట్టగోడ లేని మిద్దె యాడన్నా ఉండాదా సార్? చూసినోళ్ళు నాకు పని రాదనుకుంటారు," అన్నాడు మేస్త్రీ.

"సారు గీసిచ్చినాడని చెప్పప్పా. నమ్ముతారు," అంది అక్క.

మాఘంలో ముగ్గు పోశాం. మళ్ళీ చలికాలానికి ఇంట్లో ఉన్నాం.

ఆ పుష్యంలో అక్క బండ నిండా గుడ్డ పరిచి, నా వైపు అంచు దాకా వడియాలు పెట్టింది. నా మీద నమ్మకమో, నాకు పరీక్షో తెలియదు. నేను కాలేజీకి సెలవు పెట్టి, కారణం దగ్గర 'సొంత పని' అని రాశాను. మధ్యాహ్నం నుంచి నా ఇంటి నీడ నేల మీద పాక్కుంటూ వచ్చింది. నాలుగింటికి, ఆమె గుడ్డ ఎత్తే వేళకు, బండకు జానెడు ఇవతల ఉంది.

అక్క కాకులను తోలే కట్టెతో ఆ జానెడూ కొలిచింది.

"ఇంత జాగా ఊరికే వదిలేసినావే. ఇంకో వరస ఇటుకలు పెట్టుకోవచ్చు కదరా."

మా అక్క నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు. వచ్చినవాళ్ళకు నేను చూపించేది ఆ జానెడే. చలికాలమైతే నాలుగింటికి రమ్మంటాను.