పండరీ చీరల పాయింట్లు

మా అత్తవారింట్లో డబ్బు పెట్టి టిక్కెట్టు కొనుక్కుని రైలెక్కిన మొదటి మనిషిని నేనే. మామగారు ఈ హిందీ ఊరికి వలసొచ్చి, డబ్ల్యూఆర్ఎస్ కాలనీ పక్క రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఆయనకీ అత్తగారికీ ఏటా ఉచిత రైల్వే పాసు ఉండేది. ఎదిగిన కొడుక్కి అందులో చోటు లేదు, కోడలి మాట సరేసరి. సొంతూరు విజయనగరం బయల్దేరినప్పుడల్లా అత్తగారు "మా ఇంట్ల డబ్బులెట్టి రైలెక్కినోలు ఎవులూ నేరే తల్లీ" అని నవ్వేది. నాకు ఒళ్ళు మండేది.

మావారు భన్‌పురిలో ఒక ఇనుప ఫ్యాక్టరీలో గుమాస్తా. తొంభయ్యేడులో ఆయనకి ఓ బ్యాంకు క్రెడిట్ కార్డు ఇచ్చింది. ఖర్చు పెట్టినకొద్దీ పాయింట్లు వస్తాయనీ, అవి నిండితే రైలు టిక్కెట్టు ఉచితమనీ దాంతో వచ్చిన పుస్తకంలో ఉంది. ఆయన బీరువాలో పడేస్తే నేను బయటికి తీసి, నా పేరున కూడా ఒకటి తెప్పించుకున్నాను. అయితే మేం కొనేదెంత? కిరాణా సేటుకి కార్డు చూపిస్తే "ఏ క్యా హై భాభీ?" అని నవ్వాడు. కార్డు తీసుకునే చోట్లు నాకు తెలిసి మూడే: ఒక మందుల షాపు, ఒక పెట్రోలు బంకు, పండరీ బజారులో ఒక బట్టల కొట్టు.

ఆ బట్టల కొట్టే నన్ను ఆదుకుంది. కాలనీలో పెళ్ళి కుదిరితే ఆడవాళ్ళంతా కలిసి పండరీ వెళ్ళి పెట్టుబడి చీరలు టోకున తెచ్చుకుంటారు. ఇక ప్రతి పెళ్ళికీ నేనూ తయారు. బిల్లు నా కార్డు మీద, వాళ్ళ నగదు నా సంచిలో, మర్నాడే బ్యాంకులో. కార్డుని మెషీన్లో పెట్టి కరకరా లాగితే కాగితం మీద నా పేరు అచ్చుపడేది. అది చూస్తే భలే గర్వంగా ఉండేది. అత్తగారు మాత్రం "ఊరి పెల్లికి కుక్కల అడావుడని, నీకేటే?" అనేది. అననీ అనుకునేదాన్ని.

రెండేళ్ళు గడిచాయి. మద్రాసులో ఉన్న మా చెల్లెలికి మూడోసారి నెల తప్పింది. ముందు రెండూ నిలవలేదు. మాకు అమ్మ లేదు. పక్కింటి ఫోనుకి చేసి "అక్కా, ఈసారి నువ్వు నా పక్కనుండాలి" అని ఏడ్చింది. వస్తానని మాటిచ్చేశాను. మావారి ఫ్యాక్టరీలో అప్పుడు సగం జీతాలు, కాబట్టి నా ఆశంతా ఆ పాయింట్ల మీదే. నవంబరులో పాయింట్లు నిండాయి. కాన్పు మార్చిలో.

"ఫారం ఇప్పుడే పంపేయనా మామయ్యా?" అని అడిగాను.

"ఏటమ్మా తొందర? డిసెంబరాకర్న రాయించుకోవాల. అప్పుడైతే వచ్చే ఏడు నాలుగు నెల్లు సెల్లుతాది. ఇప్పుడే రాయించేస్తే మార్చికి మురిగిపోదేటి?"

పాసుల విషయంలో కాలనీ అంతా చేసేది అదే. ఏడాది చివరి వారంలో పాసు గుమాస్తా టేబులు దగ్గర కాలు పెట్టే చోటుండదు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. డిసెంబరు ముప్పైన ఫారం పోస్టు చేశాను.

జనవరిలో ఉత్తరం వచ్చింది. పాత పాయింట్ల గడువు డిసెంబరుతో తీరిపోయిందట, మిగిలినవి టిక్కెట్టుకి చాలవట. తీరా చూస్తే పుస్తకం ఆఖరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో అదే ఉంది. నేనూ చదవలేదు, మావారూ చదవలేదు.

"మీ పాసు తెలివితేటలు నా కొంప ముంచాయి మామయ్యా! పట్టాలవతల కూడా లోకం ఉంటుందని మీకు తెలిస్తేగా!" అనేశాను. మావారు కసిరారు. మామగారు చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. తప్పులో నాకూ వాటా ఉందని తెలుసు. అయినా ఆ తర్వాత వారాల తరబడి ఆయనకి అన్నం వడ్డించానే గానీ నోరు విప్పి పలకరించలేదు.

ఫిబ్రవరిలో ఒకనాడు పొద్దున్నే వెళ్ళిన మామగారు మధ్యాహ్నానికి వచ్చి, మడతపెట్టిన కాగితమొకటి నా చేతిలో పెట్టారు. మడతలో మద్రాసుకి స్లీపర్ టిక్కెట్టు.

"ముప్పయ్యారేళ్ళు నౌకరీ సేసినాను గానీ ఆ టిక్కెట్ల లైన్ల ఎప్పుడూ నిలబడనేదమ్మా. ఫారం గలత్ రాసినానని కౌంటర్ల బాబు తిప్పికొట్టేసినాడు. మల్లీ రాసిచ్చినాను."

నేను "ఊఁ" అన్నాను. మొండిగా, టిక్కెట్టుని ఆ మడతలోనే ఉంచి సంచిలో దాచుకున్నాను.

చెల్లెలి కాన్పుకి పక్కనే ఉన్నాను. ఆడపిల్ల, బంగారంలా ఉంది. కానీ దానికి ముందు, రైలు దుర్గ్ దాటాక, టీటీ టిక్కెట్టు చూసి ఇచ్చాడు. మళ్ళీ మడతలో పెట్టబోతూ ఆ కాగితం మొదటిసారి విప్పి చూశాను. అది రిజర్వేషన్ బాబు తిప్పికొట్టిన ఫారం. పాసు ఫారంలో ప్రతి పేరు పక్కనా ఏమవుతారో రాయాలి. ఆ అలవాటున మామగారు నా పేరు పక్కన, వయసు వేయాల్సిన గడిలో, హిందీలో వంకరటింకరగా 'పుత్రీ' అని రాశారు.

ఎదుటి సీటావిడ "క్యా హువా బేటీ?" అంది. ఏం చెప్పను? బావురుమన్నాను.